దమ్ము ట్రాక్టరులో పవర్ స్టీరింగ్ ఆయిల్ మార్పు: రైతు ఇంటి వద్ద పాటించదగిన పద్ధతి

ఖమ్మం జిల్లా వైరా ప్రాంతంలో వరి సాగు ప్రధానంగా వైరా జలాశయం, నాగార్జునసాగర్ ఎడమ కాలువల నీటిపై ఆధారపడి ఉంది. కాలువకు నీరు విడుదలైన కొద్ది రోజులలోనే ఆయకట్టు రైతులందరూ ఒకేసారి దమ్ముకు దిగుతారు. ఆ సమయంలో ట్రాక్టరు నాలుగు రోజులు నిలిచిపోతే నష్టం మరమ్మతు ఖర్చుతో ముగియదు. నారు ముదురుతుంది, ముదురు నారు నాటిన పొలంలో పిలకలు తగ్గి, దిగుబడి దెబ్బతింటుంది. కనుక యంత్ర నిర్వహణ సస్యశాస్త్రానికి వెలుపలి విషయం కాదు. ఇంజన్ ఆయిల్ విషయంలో శ్రద్ధ చూపే రైతులు కూడా పవర్ స్టీరింగ్ ఆయిల్‌ను సాధారణంగా మరచిపోతుంటారు.

పని చేసే తీరు

మూసి ఉన్న ద్రవంపై కలిగించిన పీడనం అన్ని దిశలకూ సమానంగా ప్రసరిస్తుందన్న పాస్కల్ సూత్రమే దీనికి ఆధారం. అమెరికాకు చెందిన ఫ్రాన్సిస్ డేవిస్ 1926లో పవర్ స్టీరింగ్‌ను వాహనంపై ప్రదర్శించగా, 1951లో క్రిస్లర్ సంస్థ దానిని కార్లలో విక్రయానికి తెచ్చింది. నేటి ట్రాక్టర్లలో ఎక్కువగా కనిపించే హైడ్రోస్టాటిక్ పద్ధతిలో స్టీరింగ్ చక్రానికీ ముందు చక్రాలకూ మధ్య ఇనుప కడ్డీల సంబంధం ఉండదు. పంపు నుండి వచ్చే ఆయిల్‌ను స్టీరింగ్ యూనిట్ కొలిచి, ముందు ఇరుసు వద్ద ఉన్న సిలిండరుకు పంపుతుంది. అనగా, వాహనం దిశను మార్చేది ఆయిలే.

ఆయిల్ ఎందుకు చెడుతుంది?

దమ్ములో ముందు చక్రాలు బురదలో కూరుకొని ఉండగానే ప్రతి మడి చివర స్టీరింగ్‌ను చివరంటా తిప్పవలసి వస్తుంది. పీడనం పెరిగి ఆయిల్ వేడెక్కుతుంది. సిలిండరు కడ్డీపై ఎండిన మట్టి సీలును కోసివేస్తుంది. ఆ సందు నుండి బురదనీరు లోపలికి చేరుతుంది. నీరు కలిసిన ఆయిల్‌లో లోహ భాగాల మధ్య ఉండవలసిన పలుచని పొర నిలువదు; తుప్పు, అరుగుదల మొదలవుతాయి.

ఆయిల్ పాలవలె తెల్లబడితే నీరు చేరినట్లు, నల్లబడి మాడు వాసన వస్తే అతిగా వేడెక్కినట్లు, నురగ కడితే గాలి చేరినట్లు గుర్తించాలి. తిప్పేటప్పుడు పంపు నుండి కూత వంటి శబ్దం రావడం, స్టీరింగ్ బరువెక్కడం ఇతర లక్షణాలు. ధాన్యం నింపిన ట్రాలీతో కాలువ కట్టపై వెళ్ళే ట్రాక్టరుకు ఈ లోపం ప్రాణాపాయం కాగలదు.

ఏ ఆయిల్ వాడాలి?

కొన్ని ట్రాక్టర్లలో పవర్ స్టీరింగ్‌కు ప్రత్యేక ట్యాంకు ఉంటుంది. మరికొన్నింటిలో గేరుపెట్టె, హైడ్రాలిక్ వ్యవస్థల ఆయిలే స్టీరింగ్‌కూ అందుతుంది. ఇది తెలియకుండా పనికి పూనుకోరాదు. కంపెనీ పుస్తకంలో సూచించిన రకమే వాడాలి; మార్పు గడువును కూడా అందులోని ఇంజన్ గంటల ప్రకారమే లెక్కించాలి. బ్రేక్ ఆయిల్‌ను ఎట్టి పరిస్థితిలోనూ పోయరాదు. ఖనిజ నూనెకు తగిన సీళ్ళు దానివల్ల పాడవుతాయి.

మార్చే విధానం (ప్రత్యేక ట్యాంకు ఉన్నవాటికి)

1. సీలు కారుతుంటే ముందుగా దానిని మార్పించాలి. లేనిచో కొత్త ఆయిల్ కూడా త్వరలోనే చెడుతుంది.

2. ఇంజన్‌ను కొద్దిసేపు నడిపి ఆయిల్‌ను గోరువెచ్చగా చేయాలి. సమతల నేలపై నిలిపి, పనిముట్టును నేలకు దించి, హ్యాండ్ బ్రేక్ వేసి, వెనుక చక్రాలకు ఇరువైపులా దిమ్మెలు పెట్టాలి. ముందు ఇరుసును జాకీతో లేపి, గట్టి స్టాండ్లపై నిలపాలి. జాకీని మాత్రమే నమ్మరాదు.

3. ఇంజన్ ఆపి, ట్యాంకు మూత చుట్టూ మట్టిని తుడిచి, పాత ఆయిల్‌ను డబ్బాలోకి దించాలి. ట్యాంకును నూలుపోగులు రాలని శుభ్రమైన గుడ్డతో తుడిచి, ఫిల్టరు మార్చాలి. డీజిల్‌తో కడగరాదు.

4. కొత్త ఆయిల్‌ను గుర్తు వరకు పోసి, ఇంజన్‌ను తక్కువ వేగంలో నడుపుతూ స్టీరింగ్‌ను నెమ్మదిగా ఇరువైపులా తిప్పాలి. చివర వద్ద బిగబట్టి ఉంచరాదు. నురగ తగ్గి గాలి పోయిన తరువాత ఇంజన్ ఆపి, మట్టం సరిచూడాలి.

ఒక్కసారి దించినంత మాత్రాన పని పూర్తి కాదు. గొట్టాలలో, సిలిండరులో పాత ఆయిల్ మిగిలే ఉంటుంది. ఉదాహరణకు, మొత్తం ఆయిల్‌లో సగం ట్యాంకులో ఉన్నదనుకుంటే, మొదటి మార్పు తరువాత 50 శాతం, రెండవ దాని తరువాత 25 శాతం, మూడవ దాని తరువాత 12.5 శాతం పాత ఆయిల్ మిగులుతుంది. అందువల్ల కొద్దిసేపు నడిపి, దించి, మళ్ళీ నింపడం రెండు మూడుసార్లు చేయాలి. కార్లకు చెప్పినట్లు తిరుగు గొట్టాన్ని విప్పి, ఇంజన్ ఆపి స్టీరింగ్ తిప్పే పద్ధతి ఇక్కడ తగదు. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు స్టీరింగ్ యూనిట్ తిరుగు మార్గం నుండే ఆయిల్‌ను లాగుకొంటుంది కనుక గాలి లోపలికి చేరుతుంది. ఆయిల్ బాగా తెల్లబడి ఉంటే సిలిండరు గొట్టాలు విప్పి శుభ్రపరచే పనిని మెకానిక్‌కే అప్పగించాలి.

నడుస్తున్న యంత్రంలో కారుడును చేతితో తడిమి చూడరాదు, అట్టముక్కతో పరీక్షించాలి. సన్నని రంధ్రం నుండి అధిక పీడనంతో చిమ్మే ఆయిల్ చర్మంలోకి చొచ్చుకొనిపోతుంది. గాయం చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

పాత ఆయిల్ ఏమి చేయాలి?

వాడిన ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిర్వహణ నియమాల పరిధిలోకి వస్తుంది. దానిని బోదెలలో, కాలువలో పారబోస్తే నీటిపై పొర కట్టి ప్రాణవాయువు కలవకుండా అడ్డుకొంటుంది. చేపలకూ పశువులకూ హాని కలుగుతుంది. మూత గల డబ్బాలో భద్రపరచి, సర్వీసు కేంద్రం ద్వారా అనుమతి పొందిన శుద్ధి సంస్థకు చేరేలా చూడాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు సూచన

వైరా కృషి విజ్ఞాన కేంద్రం వంటి కేంద్రాలలో యాంత్రీకరణ శిక్షణ ఇచ్చేటప్పుడు ఒక చిన్న ప్రదర్శన చేర్చవచ్చు. రైతు తన ట్రాక్టరు ఆయిల్‌ను కొద్దిగా గాజు సీసాలో పట్టి, రాత్రంతా కదల్చకుండా ఉంచితే, విడిపోయిన నీరు అడుగున కనిపిస్తుంది. నీరు విడిపోకపోయినా తెల్లదనం మిగిలి ఉంటే ఆయిల్ చెడినట్లే. ఈ పరీక్షను దమ్ము ముగిసిన వారంలోనే చేయించాలి. లోపాన్ని అప్పుడే సరిచేస్తే, తరువాతి కాలువ నీటి నాటికి ట్రాక్టరు సిద్ధంగా ఉంటుంది. నారు ముదరకముందే నాట్లు పూర్తవుతాయి.