ఫ్లెక్సీకి ఎక్కని ఆర్నెల్లు

2.20. ఈ అంకె తెలంగాణ పాస్‌పుస్తకంలో ఉంటే రెండెకరాల ఇరవై గుంటలు. నలభై గుంటలు ఎకరం కాబట్టి సరిగ్గా రెండున్నర. అదే అంకె కృష్ణా జిల్లా కాగితంలో ఉంటే రెండెకరాల ఇరవై సెంట్లు. అక్కడ ఎకరానికి వంద సెంట్లు. రెండు రాష్ట్రాల రైతుల వివరాలూ ఒకే ఫైల్లో పోసి, ఎవరికి ఎంత పంట రుణం ఇవ్వొచ్చో లెక్క తేల్చమంటే కంప్యూటర్‌కి రెండూ ఒకటే. పాస్‌పుస్తకంలో ‘ఎ.గుం.’ అని ఉన్న శీర్షిక ఫైల్లోకి ఎక్కేటప్పుడు ఎక్కడో రాలిపోయి ఉంటుంది. తెలంగాణ రైతుకి పన్నెండు గుంటలు మాయం. ఒక్క ఎర్రర్ మెసేజ్ కూడా రాదు.

హిస్టోగ్రామ్ గీస్తే మాత్రం ఒక వింత బయటపడుతుంది. ఒక రాష్ట్రం వరసల్లో చుక్క తర్వాతి అంకె ఎప్పుడూ నలభైని తాకదు. అలా గీసి చూడాలన్న బుద్ధి డేటా సైన్స్ క్లాసులో నేర్పిందే. ఆ నలభై దగ్గర ‘అరె, గుంటలు!’ అని ఆగడం మాత్రం గట్టు తగాదాలు వింటూ పెరిగినవాళ్లకే సాధ్యం.

డేటా సైన్స్‌లో పీజీ చేస్తూ, కంపెనీల్లో రెండు నెలలో ఆర్నెల్లో ఇంటర్న్‌గా పనిచేసి, అక్కడే కొలువు సంపాదించుకుంటున్న పిల్లలకి చప్పట్లు కొట్టాల్సిందే. దేనికి కొట్టాలన్న దగ్గరే పొరబడుతున్నాం. క్యాంపస్ సీజన్ ముగియగానే కాలేజీ గేటు ముందు ఫ్లెక్సీ లేస్తుంది. ఫొటో, పేరు, కింద మొహం కన్నా పెద్ద అక్షరాల్లో లక్షలు. అందులో జాయినింగ్ బోనస్ ఎంతో, ఏళ్లు ఆగితేగానీ చేతికి రాని షేర్లు ఎన్నో ఫ్లెక్సీ చెప్పదు. ప్యాకేజీ అబద్ధమని కాదు. అసలు కథ అది కాదు.

ఈ చదువుకి మన దగ్గర వయసు తక్కువే. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ), ఖరగ్‌పూర్ ఐఐటీ, కలకత్తా ఐఐఎం కలిసి పీజీడీబీఏ అనే బిజినెస్ అనలిటిక్స్ కోర్సు మొదలుపెట్టింది 2015లో. రెండేళ్లలో విద్యార్థులు పెట్టె సర్దుకుని మూడు క్యాంపస్‌లూ తిరుగుతారు, ఆపైన ఆర్నెల్లు కంపెనీలో ఉంటారు. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌లో డేటా సైన్స్ ఎమ్మెస్సీ వచ్చింది 2018లో. ఆ తర్వాత ఈ పేరు బోర్డు మీద పెట్టుకోని కాలేజీని వెతకాల్సి వస్తోందనుకోండి.

క్లాసులో అందరికీ మొదట పరిచయమయ్యేది ఐరిస్ పూల డేటా. నూటయాభై పూలు, ఒక్కోదానికి నాలుగు కొలతలు, ఒక్క గడీ ఖాళీ లేదు. కంపెనీలో మొదటి వారం ఐడీ కార్డుకీ, యాక్సెస్‌కీ ఎదురుచూడ్డంతోనే గడిచిపోతుంది. ఆ తర్వాత అసలు డేటా చేతికొస్తుంది. ఒకే మనిషి సత్యనారాయణ అని ఒకచోట, వి. సత్యనారాయణ అని ఇంకోచోట, ఇంటిపేరు చివరికి వెళ్లి మరోచోట, ముగ్గురై కూర్చుంటాడు. పుట్టినతేదీలు చూస్తే ఊరికి ఊరే జూన్‌లో పుట్టినట్టుంటుంది. పిల్లాణ్ని బడిలో వేసే రోజున హెడ్మాస్టరు ఏదో ఒక తేదీ వేసేసిన సంగతి తెలియనివాళ్లు దీంట్లోంచి ఏం సిద్ధాంతం లాగుతారో! ఇంటర్న్‌షిప్‌లో ఎక్కువ భాగం ఈ చెత్త ఏరడమే. పిల్లలు దీన్ని చెప్పుకోడానికి సిగ్గుపడతారు, రెజ్యూమెలో మోడల్ పేరు పైన రాసి దీన్ని కింద దాచేస్తారు.

సిగ్గెందుకు? ఐరిస్ పూల లెక్కని 1936లో లోకానికి చూపించిన ఆర్.ఎ.ఫిషర్, పదేళ్ల తర్వాత ఒక తెలుగువాడికి పీహెచ్‌డీ గైడయ్యాడు. కల్యంపూడి రాధాకృష్ణారావు, మనం సి.ఆర్.రావు అనే ఆయన. విశాఖలో గణితం పీజీ అయ్యాక సైన్యం సర్వే విభాగంలో ఉద్యోగమని ఇంటర్వ్యూకి కలకత్తా వెళ్లారు. ఉద్యోగం రాలేదు. అక్కడ పరిచయమైన ఒకాయన మాటమీద మహలనోబిస్ నడుపుతున్న ఐఎస్ఐని చూశారు, 1941లో అందులో చేరారు. ఇరవై అయిదేళ్లకే, 1945లో, ఇప్పటికీ ప్రతి స్టాటిస్టిక్స్ విద్యార్థీ చదివే క్రామర్-రావు పరిమితి ఉన్న పేపర్ రాశారు.

ఇక్కడిదాకా చాలామందికి తెలిసిందే. నాకిష్టమైన ఘట్టం ఆ తర్వాతిది. 1946లో ఆయన కేంబ్రిడ్జ్ వెళ్లింది చదువు కోసం కాదు, పని మీద. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తెచ్చిన ఎముకలు అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. ఆ మనుషులు ఎవరికి దగ్గరో గుంపుల మధ్య తేడాని కొలిచే మహలనోబిస్ దూరం లెక్కతో తేల్చాలి. విరిగిన ఎముకలు, అన్నింటికీ అన్ని కొలతలూ దొరకవు. నేటి భాషలో మిస్సింగ్ వాల్యూస్. ఉద్యోగం చేస్తూనే ఫిషర్ దగ్గర పీహెచ్‌డీలో చేరితే, ఆయన పెట్టిన షరతు: నా జెనెటిక్స్ ల్యాబులో ఎలుకల పని కూడా చెయ్యాలి. ఒకచోట ఎముకలు, ఇంకోచోట ఎలుకలు. 1948లో పూర్తయిన థీసిస్, జీవుల్ని వర్గీకరించడంలో వచ్చే గణాంక సమస్యల మీదే. 2023లో, నూట రెండేళ్ల వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకున్న మనిషికి తొలినాటి ‘ఇండస్ట్రీ ప్లేస్‌మెంట్’ మ్యూజియంలో దుమ్ము దులపడంతో మొదలైంది.

డేటా ఉద్యోగమంటే అద్దాల మేడలో యాప్ అమ్మకాల లెక్కేనని అనుకునేవాళ్లు కర్నూలు జిల్లా దేవనకొండ మండలాన్ని గుర్తు చేసుకోవాలి. 2016 ఖరీఫ్‌లో పటాన్‌చెరు పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి అక్కడి 175 మంది రైతులకి వేరుశనగ విత్తు ఎప్పుడు వెయ్యాలో తెలుగులో ఎస్సెమ్మెస్ పంపాయి. వెనక ఉన్నది ఆ ప్రాంతపు ముప్పై ఏళ్ల వాతావరణ లెక్క. తొలి చినుక్కే విత్తనం పోసేసి, తర్వాత ఆకాశం చూసే సీమ రైతుకి ‘ఇంకో వారం ఆగు’ అన్న ముక్క విలువేంటో అనంతపురం వైపు పిల్లలకి ఎవరూ విడమరచక్కర్లేదు.

హైదరాబాద్‌లో డేటా కొలువుకి ఇంకో దారి కూడా ఉంది, దాని గురించి ఎవరూ ఫ్లెక్సీ కట్టరు. మందుల కంపెనీల క్లినికల్ ట్రయల్ డేటా. ఒక రోగికి ఏ రోజు ఏ మోతాదు ఇచ్చారు, ఏ రోజు వాంతి అయింది, అన్నీ పట్టికలకెక్కాలి. స్టాటిస్టిక్స్ పీజీ చేసి, అమీర్‌పేటలో క్లినికల్ సాస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని ఈ పనిలో స్థిరపడినవాళ్లు ఎంతోమంది. మెరుపుల్లేవు కానీ, ఇక్కడ ఒక గడి తప్పితే మందు మీద తీర్పే తప్పొచ్చు.

ఇక అమెరికాలో ఎంఎస్ చేస్తున్నవాళ్ల సంగతి వేరే కథ. చదువయ్యాక పనిచేసుకోడానికి పన్నెండు నెలల ఓపీటీ, స్టెమ్ కోర్సయితే ఇంకో ఇరవై నాలుగు. ఆ గడియారం చూసుకుంటూ ఇంటర్న్‌షిప్ వెతకడం చదువు కన్నా పెద్ద చాకిరీ. అందుకే ఒక్క ఆఫర్ లెటర్ వస్తే ఇక్కడ వీధంతా స్వీట్లు పంచుతారు. పంచుకోనివ్వండి.

మళ్లీ మన ఇంటర్న్ దగ్గరికొస్తే, ఆఖరి వారంలో పెద్దల ముందు నిలబడి చేసిన పని చెప్పాలి. పీపీఓ, అంటే ముందస్తు ఉద్యోగ ఆఫర్, వస్తుందా రాదా అన్నది చాలావరకు ఆ అరగంటలోనే తేలుతుంది. మోడల్ కచ్చితత్వం ఎంత శాతమో స్లైడ్ వేస్తే ఎవరూ తల ఎత్తరు. ‘మీ ఫైల్లో సగం భూముల లెక్క తప్పు, ఇదిగో ఇక్కడ’ అంటే ఫోన్లు పక్కన పెడతారు.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ వెళ్తుంది. ఉద్యోగం వచ్చిందని చెప్పాక, ఇంతకీ ఏం చేశావురా ఆర్నెల్లూ అని నాన్న అడుగుతాడు. వీడు చెబుతాడు, 2.20ని రెండున్నరగా మార్చానని. అటునుంచి కాసేపు మాటుండదు.

“రెండెకరాల ఇరవై గుంటలంటే రెండున్నరేగా. దానికి జీతం ఇస్తారా?”