అటకెక్కిన రేడియో

మా ఇంట్లో పాత సామాను పారవేయడానికి ముహూర్తం కుదరక పాతికేళ్లు గడిచిపోయాయి. మొన్నటి వానలకు జనగామలోని మా పెంకుటింటి వెనక గది కారడంతో ఆ ముహూర్తం దానంతట అదే వచ్చింది. కప్పు విప్పాలంటే ముందు అటక ఖాళీ చేయాలి గదా! సొట్టలు పడ్డ గుండీలు, తాళంచెవులు పోయిన ట్రంకుపెట్టెలు, కోడు విరిగిన ఉయ్యాల, వీటన్నిటి వెనక పాత దుప్పటి కప్పుకుని ఒక చెక్కపెట్టె బయటపడింది. అది మా బాపు రేడియో.

వెంటనే ఇంట్లో సభ తీరింది. “నలభై ఏళ్లుగా నోరు విప్పని దాన్ని ఏం చేసుకుంటారు? పాత ఇనుము వాడికి ఇచ్చేయండి” అని మా ఆవిడ తీర్మానం. భూపాలపల్లిలో ఉన్న మా అక్కకు ఫోను చేస్తే, “బాపు గుర్తు గదరా, ముందరి అర్రల పెట్టుకో” అంది. ఆమె మనవడు ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడి ఉపాయం వేరు. “తాతా, లోపలున్న తుక్కంతా పీకేసి బ్లూటూత్ స్పీకరు పెడదాం. చూడ్డానికి పాతదే, పాడ్డానికి కొత్తది!”

నాకు మూడూ రుచించలేదు. పారవేయడానికి మనసొప్పదు. పలకని రేడియోను బొమ్మలా నిలబెట్టడం నచ్చదు. లోపలిదంతా పీకేశాక మిగిలేది చెక్కపెట్టే గాని రేడియో కాదు. ఇక నాలుగోది, బాగు చేయించడం. అది అయ్యే పనేనా? అయినా చేయదగ్గ పనేనా?

ఆ రేడియోను బాపు 1962లో హైదరాబాదులో కొని, రైల్లో ఒళ్లో పెట్టుకుని జనగామ తెచ్చాడట. బడిపంతులుకు అది చిన్న ఖర్చు కాదు. పైగా ఆ రోజుల్లో రేడియో ఉన్నవాళ్లు పోస్టాఫీసులో లైసెన్సు తీసుకుని ఏటా పదిహేను రూపాయలు కట్టాలి. 1980లలో ఆ లైసెన్సు రద్దయింది. బాపు లైసెన్సు పుస్తకం మాత్రం స్టాంపులతో సహా రేడియో వెనక అట్టకు దారంతో కట్టి ఇంకా అలాగే ఉంది.

మా ప్రాంతానికి రేడియో కొత్త కాదు సుమండీ! నిజాం కాలంలోనే దక్కన్ రేడియో ఉండేది. 1948 సెప్టెంబరు 17న నిజాం తన లొంగుబాటును ప్రకటించింది ఆ రేడియోలోనే. అదే 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణి హైదరాబాదు కేంద్రమయింది. ఇక 1952లో కేంద్రమంత్రి కేస్కర్ గారు ఆకాశవాణిలో సినిమా పాటలకు కళ్లెం వేస్తే, జనం ముల్లును సిలోను వైపు తిప్పారు. 1957 అక్టోబరు 3న వివిధ భారతి వచ్చినా ఆ మోజు పోలేదు. సిలోను నుంచి మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు మాటలు, హైదరాబాదు కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం, రాంబాబుల ముచ్చట్లు మా చిన్నతనంలో ఇంటి మనుషుల గొంతుల్లా ఉండేవి.

అయితే ఆ రేడియోను ముట్టుకునే హక్కు ఒక్క బాపుదే. హైదరాబాదు, విజయవాడ, సిలోను ఉన్న చోట్ల డయలు అద్దం మీద ఎర్ర సిరాతో మూడు చుక్కలు పెట్టుకున్నాడు. బడికి పోతూ స్టేషను మార్చే నాబును ఊడదీసి కోటు జేబులో వేసుకునేవాడు. పిల్లలు తిప్పి పాడుచేస్తారని ఆయన భయం. ఆయన ఏ స్టేషను పెట్టి పోతే సాయంత్రం దాకా ఇంటిల్లిపాదికీ అదే గతి.

మానుకోటలో పాత రేడియోలు బాగు చేసే పెద్దాయన ఉన్నాడని తెలిసి (మానుకోట అంటే మహబూబాబాదే) రేడియోను బాపు తెచ్చినట్టే ఒళ్లో పెట్టుకుని రైలెక్కాను. దాన్ని చూడగానే మేస్త్రీ అడిగిన మొదటి ప్రశ్న ఇది: “కరెంటు పెట్టి సూడలేదు గద సార్?”

“లేదు.”

“మంచిగ జేసిన్రు.”

ఎందుకంటే, వాల్వు రేడియోలో వాల్వులకంటె ముందు ముసలివయ్యేవి కండెన్సర్లు. మైనం పట్టించిన కాగితపు కండెన్సర్లు ఏళ్లు గడిచేకొద్దీ కరెంటును ఆపలేక కారుస్తాయి. ముఖ్యంగా చివరి వాల్వుకు ముందుండేది కారితే ఆ వాల్వు కాగిపోతుంది, స్పీకరుకు ముందున్న ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. కరెంటును వడకట్టే పెద్ద కండెన్సర్లు లోపల ఎండిపోయి ఉంటాయి, ఒక్కసారిగా కరెంటిస్తే పేలవచ్చు కూడా. అటక మీంచి దించగానే ఉబలాటం కొద్దీ ప్లగ్గు పెట్టేవాళ్లు రేడియోను తామే చంపుకుంటారన్నమాట.

మేస్త్రీ వెనక అట్ట విప్పి ముందుగా పవర్ ట్రాన్స్‌ఫార్మరు కోసం చూశాడు. కొన్ని రేడియోల్లో అది ఉండదు. కరెంటు తీగల్లో ఒకటి సూటిగా లోపలి ఇనుప చట్రానికే తగిలి ఉంటుంది. అలాంటి దాని నాబు ఊడిపోయి, ఇనుప కడ్డీని చేత్తో తిప్పితే ప్రాణానికే ముప్పు. మా దానికి ట్రాన్స్‌ఫార్మరు ఉంది. బతికాం!

ఉన్నవి అయిదు వాల్వులు. ఒకటి స్టేషనును పట్టి 455 కిలోసైకిళ్లకు దించుతుంది, ఒకటి దాన్ని బలపరుస్తుంది, ఒకటి అందులోంచి మాటను విడదీస్తుంది, ఒకటి స్పీకరుకు ఊపిరి పోస్తుంది, చివరిది ఇంటి కరెంటును డీసీగా మారుస్తుంది. నాలుగు బాగున్నాయి, చివరిది నీరసపడింది. బెంగుళూరులో భారత్ ఎలక్ట్రానిక్స్ వారు 1961 నుంచి ఇలాంటి వాల్వులు తయారుచేశారు. ఆ తయారీ ఆగిపోయి చాలా కాలమైంది. స్పీకరు నడిపే ఇఎల్ 84 లాంటి రకాలను గిటారు యాంప్లిఫయర్ల కోసం విదేశాల్లో ఇప్పటికీ చేస్తున్నారు గాని, తక్కినవాటికి పాత దుకాణాల అడుగున మిగిలిన సరుకే దిక్కు. అలాంటిదే మేస్త్రీ దగ్గర ఒకటి దొరికింది.

“లోపల సచ్చినయి మారుస్త. పైన కనబడేదేదీ ముట్ట. మూడువేల అయిదువందలైతది” అన్నాడు. ఆ తరువాత డయలు పక్కన బోడిగా ఉన్న కడ్డీని చూపించి, “గీ నాబే దొరకది సార్. వేరేది పెడితే కొట్టొచ్చినట్టు కనబడుతది” అన్నాడు.

ఆలోచించి చెబుతానని రేడియోను అక్కడే వదిలి లేచాను. వరంగల్లు దాకా రైల్లో, అక్కడి నుంచి పరకాల మీదుగా భూపాలపల్లికి బస్సులో, దారి పొడుగునా లెక్కలే. ఇంత ఖర్చు పెట్టి వినేదేమిటి? షార్ట్‌వేవ్ చాలావరకు పాడుబడ్డ సంత. బీబీసీ హిందీ వారు కూడా 2020 జనవరి 31తో షార్ట్‌వేవ్ ప్రసారం ఆపేశారు. ఇప్పటి ఎఫ్‌ఎం ఆ డయలు మీద లేనే లేదు. మిగిలేది మీడియం వేవ్‌లో ఒకటో రెండో స్టేషన్లు, బోలెడు గరగర. భూపాలపల్లిలో దిగేసరికి నా లెక్క “వద్దు” అని తేలిపోయింది.

అక్క దగ్గర మా అమ్మ ఉంటోంది. ఎనభై అయిదేళ్లు. చెవి సరిగ్గా వినబడదు. గట్టిగా అరిచి రేడియో సంగతంతా చెప్పాను. నాబు లేదన్న మాట మటుకు ఆమెకు వినబడింది. మాట్లాడకుండా మందుల డబ్బా తెప్పించుకుని, అడుగున ఉన్న గుడ్డమూట విప్పింది. నల్లటి నాబు!

“మీ బాపు పోయినంక కోటు జేబుల దొరికింది” అంది.

“ఇన్నాళ్లూ దాచావా? రేడియో వినాలని ఉందా అమ్మా?”

“ఇనేదేమున్నది బిడ్డా, సగం ఇనబడనే ఇనబడది. ఒక్కపారి నేను దిప్పి సూడాలె.”

ఎన్నో ఏళ్లు ఆ రేడియో ఎదుట కూరగాయలు తరిగిన మనిషి! ఆమెకు ఏం వినాలని ఉందో మాలో ఒక్కరమూ ఏనాడూ అడగలేదు. నా లెక్కలో స్టేషన్లున్నాయి, రూపాయలున్నాయి, ఈ పద్దు మాత్రం లేదు. అప్పుడే మేస్త్రీకి ఫోను చేశాను.

నెల తిరిగాక రేడియో భూపాలపల్లికి చేరింది. మొదటిసారి కరెంటిచ్చేటప్పుడు మేస్త్రీ వంద వాట్ల బల్బును వరసలో కలిపి ఇచ్చాడట. లోపల షార్టు ఉంటే బల్బు భగ్గున వెలుగుతుంది, రేడియో బతికిపోతుంది. బల్బు ఒక్కసారి వెలిగి మందగించిందట, అంటే పాసయినట్టే. పాఠకుల్లో ఎవరి అటక మీదనైనా ఇలాంటిది ఉంటే ఒక్క మనవి. తెలిసిన మెకానిక్కుకే ఇవ్వండి. కట్టేసిన తరువాత కూడా కండెన్సర్లలో వందల వోల్టులు నిలవ ఉండవచ్చు.

డాబా మీంచి వేపచెట్టుకు ఏరియల్ తీగ కట్టాం. మీట నొక్కితే అర నిమిషం నిశ్శబ్దం, తరువాత చెవులు చిల్లులు పడే గరగర. ఇంజనీరు మనవడు అప్పుడు అక్కరకు వచ్చాడు. ఎల్‌ఈడీ బల్బులూ ఫోను ఛార్జర్లూ మీడియం వేవ్‌కు శత్రువులట. టీవీ కట్టేశాడు, ఛార్జర్లు పీకాడు, దీపాలన్నీ ఆర్పేశాడు. గరగర తగ్గి, చీకట్లో డయలు పచ్చగా వెలిగింది.

అమ్మ నాబు తిప్పింది. 738 దగ్గర, బాపు పెట్టిన మొదటి ఎర్రచుక్క కింద, హైదరాబాదు పలికింది. మేమంతా హమ్మయ్య అనుకున్నాం. అమ్మ ఆగలేదు. ముల్లు ఆ చుక్క దాటింది, విజయవాడ చుక్క కూడా దాటింది, ఏ చుక్కా లేని చోటికి పోయింది.

“అక్కడేమీ రాదమ్మా!” అన్నాను.

“ఏమున్నదో సూడనియ్యి” అంది.

అక్క దీపం వేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.