చెట్టు కూలినచోట మొక్కకు అంతా మేలేనా?

పెద్ద చెట్టు కూలితే అడవి కప్పుకు చిల్లు పడుతుంది. అక్కడ మొక్కలు తొందరగా ఎదుగుతాయన్నది నిజమే. అయితే నల్లమల లాంటి ఆకురాల్చే అడవుల గురించి మనం చెప్పుకునే మాటలు చాలావరకు వర్షారణ్యాల నుంచి అరువు తెచ్చుకున్నవి.

అపోహ: చిల్లు పడితే తప్ప అడవి నేలకు ఎండ తగలదు.

వాస్తవం: ఏడాది పొడవునా పచ్చగా ఉండే వర్షారణ్యంలో ఇది దాదాపు నిజం. అక్కడ నేలకు చేరే వెలుగు నూటికి ఒకటి రెండు వంతులే. నల్లమలలో టేకు, నల్లమద్ది, చిరుమాను వేసవికి ఆకు రాల్చేస్తాయి. ఏప్రిల్‌లో ఎక్కడ చూసినా నేల మీద ఎండే. కానీ అప్పుడు తడి ఉండదు. నీళ్లు లేని మొక్కకు ఎంత వెలుగున్నా వాడుకునే దారి లేదు. వానలు పడి మొక్క ఎదిగే వేళకు పైన ఆకు మళ్లీ కమ్ముకుంటుంది. చిల్లు అక్కరకొచ్చేది ఆ వానల నెలల్లోనే. వేసవిలో వెలుగు కొలిచి అడవి పల్చగా ఉందని తేల్చేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

అపోహ: చెట్టు కూలి ఏర్పడిన ఖాళీ నడిమధ్యనే ఎప్పుడూ ఎక్కువ ఎండ.

వాస్తవం: నల్లమలలోని శ్రీశైలం 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరుంది. డిసెంబరు మిట్టమధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన, సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. 20 మీటర్ల చెట్టు నీడ ఉత్తరానికి 16 మీటర్లకు పైగా సాగుతుంది. అంటే 15 మీటర్ల ఖాళీలో ఆ వేళ నేలకు నేరుగా ఎండే పడదు. ఉత్తరపు అంచు చెట్ల మొదళ్లకు తగులుతుంది. మే మొదట్లో, ఆగస్టు రెండో వారంలో మాత్రం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు.

అపోహ: ఖాళీలో రాత్రీ పగలూ వేడే.

వాస్తవం: పగలు వేడి, రాత్రి చలి. పైన కప్పు లేకపోతే నేల వేడి ఆకాశంలోకి పోతుంది. మధ్యభారతపు సాల అడవుల్లో చెట్లు లేని పల్లపు నేలల్లో మంచు గడ్డకట్టి లేత మొక్కలు మాడిపోతాయి. నల్లమలలో ఆ బెడద లేదు, ఇక్కడ శత్రువు వేసవి పగలే. ఎండ నేరుగా పడే వట్టి నేల 50 డిగ్రీలు దాటుతుంది. లేత కాండం మన్నును తాకేచోట కమిలిపోతుంది. రాలిన ఆకుల పొర ఉంటే కొంత కాపు.

అపోహ: ఖాళీ ఎంత పెద్దదైతే అంత మంచిది.

వాస్తవం: పెద్ద ఖాళీలో గడ్డి, లాంటానా ముందు లేస్తాయి. ఎండిన గడ్డికి నిప్పంటుకుంటే మొక్కలూ పోతాయి. టేకు మాత్రం పైభాగం కాలినా వేరు బతికి ఉంటే తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. అందుకే మోకాలెత్తు టేకు మొక్క నిరుటిదో, పదేళ్ల నాటిదో చూసి చెప్పలేం.