రీలు కెమెరా.. ఆనందం కొంత, అగచాట్లు కొంత
* నెగెటివ్‌ను చదవడం తెలిస్తే పొరపాటు ఎక్కడ జరిగిందో తేలుతుంది
* పాత రీళ్లను కాపాడుకోకుంటే ఊళ్ల జ్ఞాపకాలే చెరిగిపోయే ప్రమాదం

రాజమహేంద్రవరం: మీట నొక్కిన మరుక్షణమే బొమ్మ కళ్లముందు ప్రత్యక్షమయ్యే కాలమిది. నచ్చకపోతే చెరిపేయడం, మళ్లీ తీయడం క్షణాల్లో పని. ఇంతటి సౌలభ్యం చేతిలో ఉన్నా, బీరువా అడుగున పడి ఉన్న పాత కెమెరాను దుమ్ము దులిపి, వెతికి మరీ రీలు కొని ఎక్కించే ఔత్సాహికులు నేటికీ ఉన్నారు. వారిలో నాటి ముచ్చట మరచిపోలేని పెద్దలతోపాటు, రీలు అంటే ఏమిటో చూడకుండానే పెరిగిన యువతరమూ ఉంది. 36 బొమ్మలు తీసి, కడిగించి, ప్రింటు చేతికొచ్చే వరకు ఏది పడిందో, ఏది చెడిందో తెలియదు. ఈ అభిరుచిలోని ఆనందానికీ, అగచాట్లకూ మూలం ఆ ఎదురుచూపే.

2003 గోదావరి పుష్కరాల నాటికి కుటుంబాల చేతుల్లో కనిపించినవి ప్రధానంగా రీలు కెమెరాలే. 2015 పుష్కరాల నాటికి ఆ స్థానాన్ని సెల్‌ఫోన్లు ఆక్రమించాయి. ఆ పన్నెండేళ్లలోనే రంగుల ల్యాబ్‌లు ఒక్కొక్కటిగా యంత్రాలు మార్చుకున్నాయి. రీలుకు మారుపేరుగా నిలిచిన కొడాక్ సంస్థ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. నీలగిరుల్లోని ఉదకమండలంలో 1967లో ఉత్పత్తి ప్రారంభించి, ‘ఇందు’ పేరుతో దేశీయంగా రీళ్లు అందించిన ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ సైతం మూతపడింది. అయినా రీలు పూర్తిగా అంతరించలేదు. విదేశాల్లో తయారీ కొనసాగుతోంది. కాకపోతే అది నిత్యావసరం స్థాయి నుంచి ఖరీదైన అభిరుచి స్థాయికి చేరింది.

వెండి రేణువుల్లో దాగిన బొమ్మ

ఫ్రాన్స్ ప్రభుత్వం 1839 ఆగస్టు 19న డాగెర్ ఛాయాగ్రహణ విధానాన్ని లోకానికి వెల్లడించింది. ఏటా ఆ రోజునే ప్రపంచ ఛాయాగ్రహణ దినోత్సవం జరుపుకొంటున్నారు. అయితే డాగెర్ పద్ధతిలో ఒక పలకపై ఒకే బొమ్మ వచ్చేది. దానికి నకలు తీసే వీలులేదు. ఒక నెగెటివ్ నుంచి ఎన్ని ప్రతులనైనా తీసే మార్గాన్ని ఇంగ్లండుకు చెందిన టాల్బట్ చూపారు. 1888లో అమెరికాకు చెందిన జార్జ్ ఈస్ట్‌మన్ చుట్ట ఫిల్ముతో కూడిన చేతి కెమెరాను విపణిలోకి తేవడంతో, శాస్త్రజ్ఞుల, సంపన్నుల విద్య సామాన్యుడి వినోదంగా మారింది.

రీలుపై పూసిన జెలటిన్ పొరలో వెండి లవణాల స్ఫటికాలు ఉంటాయి. కటకం గుండా వచ్చిన వెలుతురు వాటిపై పడినప్పుడు కంటికి కనిపించని మార్పు జరుగుతుంది. దీన్నే గుప్తబింబం అంటారు. డెవలపర్ రసాయనం వెలుతురు సోకిన స్ఫటికాలను నల్లని లోహపు వెండిగా మారుస్తుంది. మిగిలిన లవణాలను హైపో కరిగించి తొలగిస్తుంది. హైపోకు ఈ గుణం ఉన్నట్లు ఇంగ్లండు శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1819లోనే గుర్తించారు. వెలుతురు ఎక్కువగా పడినచోట నలుపు, పడనిచోట పారదర్శకం.. ఇదే నెగెటివ్. రంగుల రీలులో అదనంగా వర్ణకాలు ఏర్పడతాయి. చివరకు వెండి మొత్తం తొలగి రంగులు మాత్రమే మిగులుతాయి.

36తో పొదుపు.. చూపుకు పదును

రీలు నేర్పే మొదటి పాఠం పొదుపు. సాధారణ 35 మి.మీ. రీలులో 36 బొమ్మలు పడతాయి. ఒకప్పుడు మన ఇళ్లలో విరివిగా కనిపించిన ఆగ్ఫా క్లిక్-3 వంటి పెట్టె కెమెరాల్లో వాడే 120 రీలుకు చతురస్రాకారపు బొమ్మలు 12 మాత్రమే. లెక్క ఇంత పరిమితమైనప్పుడు మీట నొక్కేముందు మనిషి ఆగి ఆలోచిస్తాడు. ఎండ ఎటునుంచి వస్తోంది? వెనుక కరెంటు స్తంభం నెత్తిమీద మొలిచినట్లు కనిపిస్తోందా? పడవ ఇంకాస్త ముందుకు రావాలా? ఈ ప్రశ్నలు వేసుకోవడమే ఛాయాగ్రహణం నేర్చుకోవడం.

వెలుతురును లెక్కించేందుకు అనుభవజ్ఞులు ‘సన్నీ-16’ అనే సులువైన సూత్రం పాటిస్తారు. నిండు ఎండలో ఎపర్చరును 16 వద్ద ఉంచి, షట్టరు వేగాన్ని రీలు సంఖ్యకు దగ్గరగా పెట్టాలి. 100 రీలుకు సెకనులో నూట ఇరవై ఐదో వంతు, 400 రీలుకు ఐదువందలో వంతు సరిపోతాయి. పలచని మబ్బు కమ్మితే ఎపర్చరును 11కు, మబ్బు దట్టమైతే 8కి లేదా 5.6కు తెరవాలి. కెమెరాలోని మీటరు చెడిపోయినా, బ్యాటరీ అయిపోయినా ఈ సూత్రంతో పని ఆగదు.

మీటరు ఉన్నా గుడ్డిగా నమ్మడానికి లేదు. మధ్యాహ్నం వేళ తళతళలాడే గోదావరి నీటికి ఎదురుగా నిలబడి తీస్తే, మీటరు ఆ మెరుపునే లెక్కలోకి తీసుకుంటుంది. నది చక్కగా పడుతుంది. పడవలోని మనుషుల ముఖాలు నల్లబడిపోతాయి. మారేడుమిల్లి పొగమంచు సైతం అలాగే మోసగిస్తుంది. తెల్లని మంచు బూడిదరంగులోకి దిగిపోతుంది. ఇలాంటిచోట్ల మీటరు చూపినదానికంటే ఒక మెట్టు ఎక్కువ వెలుతురు ఇవ్వాలి. నెగెటివ్ రీలు కాస్త ఎక్కువ వెలుతురును భరిస్తుంది గాని, తక్కువైతే నీడల్లోని వివరాలు తిరిగిరావు.

తరచూ ఎదురయ్యే తిప్పలు

* తిరగని రీలు: ఇది అన్నిటికంటే బాధాకరమైనది. రీలు కొస చుట్టుకునే కడ్డీకి సరిగా పట్టుకోదు. చాలా కెమెరాల్లో అంకె మాత్రం మారుతూనే ఉంటుంది. పెళ్లంతా తీశామనుకుంటే, కడిగాక ఒక్క బొమ్మా ఉండదు. రీలు ఎక్కించి ముందుకు తిప్పేటప్పుడు, ఎడమవైపున వెనక్కు చుట్టే పిడి కూడా తిరుగుతోందా లేదా అని గమనిస్తే ఈ ప్రమాదం ఉండదు.

* తలుపు తెరుచుకోవడం: వెనక్కు చుట్టకముందే మూత తీస్తే బయటకు వచ్చిన భాగానికి వెలుతురు తగులుతుంది. వెంటనే మూసేయాలి. చుట్టలోపలి వరుసల్లోని బొమ్మలు కొన్ని దక్కవచ్చు. డబ్బాలో మిగిలిన భాగానికి సాధారణంగా ముప్పు లేదు.

* బొమ్మపై బొమ్మ: వాడిన రీలు కొస బయటకు కనిపిస్తుంటే, కొత్తదనుకుని మళ్లీ ఎక్కించే ప్రమాదం ఉంది. గుడి గోపురంపై బారసాల దర్శనమిస్తుంది. వాడిన వెంటనే కొసను పూర్తిగా లోపలికి చుట్టేయాలి.

* తెగిన రీలు: చివరి బొమ్మ తర్వాత బలవంతంగా తిప్పితే రీలు డబ్బా నుంచి ఊడిపోతుంది. అప్పుడు కెమెరాను తెరవకుండా స్టూడియోకు తీసుకెళ్లి చీకటిగదిలోనే తీయించాలి. సినిమాల్లో కనిపించే ఎర్రదీపం ప్రింటు కాగితానికే గాని నేటి రీళ్లకు పనికిరాదు. వాటికి కటిక చీకటి కావాలి.

* తలలు తెగడం, మూత మరచిపోవడం: చిన్న కెమెరాల్లో కన్ను చూసే కిటికీ వేరు, బొమ్మ పట్టే కటకం వేరు. దగ్గరగా తీసినప్పుడు రెండింటి చూపుల్లో తేడా వచ్చి తలలు తెగుతాయి. కటకానికి మూత ఉన్నా, వేలు అడ్డొచ్చినా కిటికీలో తెలియదు.

* సగం బొమ్మ: ఫ్లాష్ వాడినప్పుడు షట్టరు వేగం పరిమితి మించితే చట్రంలో కొంతభాగం చీకటిగా మిగులుతుంది. చాలా పాత కెమెరాల్లో ఆ పరిమితి సెకనులో అరవయ్యో వంతు.

తప్పు ఎవరిది? అంచును అడగండి

శుభకార్యం తిరిగి రాదు. అందుకే రీలు చెడినప్పుడు ‘మీరే పాడుచేశారు’ అని ఖాతాదారు, ‘మీరు తీయడంలోనే లోపం’ అని ల్యాబ్ వారు వాదులాడుకోవడం ఆనాడు పరిపాటి. నిజానికి తీర్పు నెగెటివ్ అంచునే రాసి ఉంటుంది. రీలు అంచున కంపెనీ పేరు, 1, 1ఎ, 2, 2ఎ వంటి గుర్తులను తయారీ సమయంలోనే వెలుతురుతో ముద్రిస్తారు. రీలును కడిగినప్పుడే అవి బొమ్మలతోపాటు బయటపడతాయి.

బొమ్మలు లేకున్నా అంచు అంకెలు స్పష్టంగా ఉంటే కడగడం సవ్యంగానే జరిగినట్లు. రీలు తిరగకపోవడమో, కటకం మూత తీయకపోవడమో, షట్టరు తెరుచుకోకపోవడమో కారణం. బొమ్మలూ అంకెలూ రెండూ లేకుండా పారదర్శకంగా ఉంటే (రంగుల రీలైతే నారింజ ఛాయ మాత్రమే మిగిలితే) లోపం కడగడంలో ఉంది. డెవలపర్ శక్తి కోల్పోవడం, డెవలపర్‌కు ముందే హైపో పోయడం వంటివి ఇందుకు దారితీస్తాయి. అంకెలు ముదురుగా, బొమ్మలు పలచగా ఉంటే తీసినప్పుడు వెలుతురు చాలలేదు. రెండూ పలచగా ఉంటే కడిగిన సమయం చాలలేదు. అంచులతోసహా నల్లబడితే వెలుతురు తగిలింది. ప్రతి బొమ్మలో ఒకేచోట చార కనిపిస్తే కెమెరా వెనుక మూత అంచున ఉండే నురుగు పట్టీ శిథిలమైందేమో పరీక్షించాలి. ఈ గుర్తులు తెలిస్తే, చెడిన రీలు సైతం తర్వాతి రీలుకు పాఠమవుతుంది.

నలుపు-తెలుపు రీళ్లను కొందరు ఇంట్లోనే కడుగుతారు. అందుకు వాడే రసాయనం సాధారణంగా 20 డిగ్రీల వద్ద ఉండాలి. వేసవిలో గోదావరి తీరాన కుళాయి నీరే అంతకంటే ఎంతో వేడిగా ఉంటుంది. వేడి పెరిగితే బొమ్మ త్వరగా ముదిరిపోతుంది; జెలటిన్ మెత్తబడుతుంది. రసాయనంలో ఐసు వేస్తే అది పలచబడుతుంది కనుక, సీసాను ఐసు నీళ్ల బేసినులో ఉంచి చల్లబరచాలి. రంగుల రీలుకు వాడే సి-41 విధానంలో డెవలపర్ దాదాపు 38 డిగ్రీల వద్ద, మూడుంపావు నిమిషాలు పనిచేయాలి. స్వల్ప తేడా కూడా రంగులను మార్చేస్తుంది. కాబట్టి రంగుల రీలును ల్యాబ్‌కు పంపడమే మేలు. విదేశాల నుంచి బంధువుల ద్వారా రీళ్లు తెప్పించుకునేవారు, విమానాశ్రయాల్లోని స్కానర్ల వల్ల రీలు మసకబారే ప్రమాదం ఉన్నందున చేతితో తనిఖీ చేయమని కోరాల్సిందిగా వారికి చెప్పాలి.

చెమ్మతోనే అసలు చిక్కు

తీయడంలో జరిగే పొరపాటుకు ఒక రీలు పోతుంది. దాచడంలో జరిగే పొరపాటుకు ఒక తరం జ్ఞాపకాలు పోతాయి. కోస్తా జిల్లాల వానాకాలపు చెమ్మకు కటకాల్లో సాలెగూడు వంటి బూజు పాకుతుంది. నెగెటివ్‌పై ఉన్నది జెలటిన్ కనుక బూజుకు అదే ఆహారం. తోలు సంచుల్లో, ఇనుపపెట్టెల్లో కెమెరాలను ఏళ్లతరబడి ఉంచరాదు. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, వాటిని తరచూ మారుస్తుండాలి.

నెగెటివ్‌లను చుట్టలుగా కాక ముక్కలుగా, ఒక్కో ముక్కను ఒక్కో కాగితపు తొడుగులో ఉంచాలి. అంచులను మాత్రమే పట్టుకోవాలి. అతుక్కుపోయినవాటిని లాగరాదు, లాగితే బొమ్మ పొర ఊడివస్తుంది. డబ్బా తెరవగానే వెనిగర్ వాసన వస్తే ఫిల్ము ఆధారమైన ఎసిటేట్ క్షీణిస్తున్నట్లు. అలాంటివాటిని మిగతావాటి నుంచి వేరుచేసి, ముందుగా వాటికే స్కాన్ చేయించాలి. స్కాన్ చేశాక కూడా నెగెటివ్‌ను పారేయరాదు. కంప్యూటరులోని ప్రతి పోయినా, మూలం ఉంటే మళ్లీ తీయవచ్చు.

ఈ జాగ్రత్త విలువ ఎంతటిదో రాజా దీన్‌దయాళ్ ఉదంతం చాటుతుంది. ఆరో నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడైన ఆయన 1905లో మరణించారు. రెండువేలకు పైగా ఆయన గాజు నెగెటివ్‌లు నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. నాటి భవనాలు, మనుషులు, వేడుకలు మనకు కనిపిస్తున్నాయంటే ఆ పలకలు నిలవడమే కారణం.

సామాన్యుల ఇళ్లలోని రీళ్లకు అలాంటి కేంద్రం లేదు. పోలవరం ప్రాజెక్టు ముంపు కారణంగా దేవీపట్నం మండలంలోని గోదావరి ఒడ్డు గ్రామాల ప్రజలు ఊళ్లు వదిలి పునరావాస కాలనీలకు తరలిపోయారు. విడిచివచ్చిన వీధి, అరుగు, రేవు, రాములవారి గుడి ఇక చూడాలంటే ఎవరో ఔత్సాహికుడు పండుగనాడు తీసిన రీలులోనే చూడాలి. పెళ్లికూతురి వెనుక అనుకోకుండా పడిన ఆ పెంకుటిల్లే రేపు ఊరికి మిగిలే ఆనవాలు. ఆనాడు ‘చెడిపోయింది’ అని పక్కన పెట్టిన మసక బొమ్మకు సైతం ఈనాడు విలువ ఉంది.

అందువల్ల అటకమీది డబ్బాలను దించినప్పుడు చేయాల్సిన మొదటి పని స్కానింగ్ కాదు. నెగెటివ్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి, ఇంట్లోని పెద్దలను పక్కన కూర్చోబెట్టుకుని, బొమ్మలో ఉన్నది ఎవరు, ఏ ఊరు, ఏ సంవత్సరం అని అడిగి తొడుగుపై పెన్సిలుతో రాయాలి. బూజును తుడిపించవచ్చు, గీతలను సరిచేయించవచ్చు. పేర్లు చెప్పగలిగిన మనిషి వెళ్లిపోయాక మాత్రం ఏ ల్యాబూ వాటిని తెచ్చి ఇవ్వలేదు.