పెద్దపేగులో పోషక గ్రాహకాలు – నీటి సమతౌల్యం

ఆహారపానీయాల ద్వారా రోజుకు సుమారు 2 లీటర్ల నీరు మన జీర్ణనాళంలోకి చేరుతుంది. లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, ఆంత్రరసం కలిసి మరో 7 లీటర్లు వస్తాయి. చిన్నపేగు ఇందులో అధికభాగాన్ని శోషించుకోగా దాదాపు 1.5 లీటర్లు పెద్దపేగుకు చేరతాయి. మలంతో బయటికి పోయేది 100–200 మిల్లీలీటర్లు మాత్రమే. ఈ లెక్క తప్పితే ఏమవుతుందో తెలుసుకుందాం.

శోషణ, స్రావం

నీరు తనంతట తాను కదలదు, లవణాలను అనుసరిస్తుంది. పెద్దపేగు ఉపకళా కణాలు సోడియంను లోనికి తీసుకుంటే నీరు రక్తంలోకి వస్తుంది. క్రిప్టులు అనే సన్నని గుంటల్లోని కణాలు క్లోరైడును పేగులోకి వదిలితే నీరు అటు పోతుంది. క్లోరైడు ద్వారాన్ని తెరిచే సంకేతాల్లో ముఖ్యమైనది కణంలోని సైక్లిక్ ఏఎంపీ.

సంతోష్‌నగర్ వంటి పాతబస్తీ కాలనీలో మంచినీటి గొట్టంలోకి మురుగునీరు చేరిందనుకోండి. ఇది కేవలం ఊహ కాదు. 2009 మే నెలలో ఇదే నగరంలోని భోలక్‌పూర్‌లో కలుషిత నీటివల్ల పలువురు మరణించారు. కలరా విషం ప్రధానంగా చిన్నపేగు కణాల్లో సైక్లిక్ ఏఎంపీని విపరీతంగా పెంచుతుంది. పెద్దపేగు రోజుకు 4–5 లీటర్ల వరకు పీల్చుకోగలదు. తీవ్రమైన కలరాలో గంటకు ఒక లీటరు కూడా పోవచ్చు కాబట్టి ఆ సామర్థ్యం చాలదు.

కాల్షియం గ్రాహకం

రక్తంలోని కాల్షియంను గుర్తించే గ్రాహకాన్ని 1993లో ఆవు పారాథైరాయిడ్ గ్రంథి నుంచి వేరుచేశారు. పెద్దపేగు కణాల పైభాగంలోనూ అడుగుభాగంలోనూ అదే గ్రాహకం ఉంది. ఫినైల్ అలనిన్, ట్రిప్టోఫాన్ వంటి అమైనో ఆమ్లాల సమక్షంలో ఇది కాల్షియంకు మరింత స్పందిస్తుంది. అందుకే దీన్ని పోషక గ్రాహకం అంటున్నాం.

ఇది ఉత్తేజితమైనప్పుడు ఫాస్ఫోడైఎస్టరేజ్ ఎంజైము చురుకై సైక్లిక్ ఏఎంపీని విచ్ఛిన్నం చేస్తుంది. ఫలితంగా క్లోరైడు స్రావం తగ్గుతుంది. ఎలుకల పెద్దపేగుపై జరిపి 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, కలరా విషం వల్ల పెరిగిన స్రావాన్ని కూడా ఈ గ్రాహకం అణచింది.

పీచు, పిండిపదార్థాల పాత్ర

చిన్నపేగులో జీర్ణంకాని పిండిని పెద్దపేగులోని సూక్ష్మజీవులు ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్‌లుగా మారుస్తాయి. ఇవి సోడియం శోషణను పెంచుతాయి, వెంట నీరూ లోనికి వస్తుంది. వీటిని గుర్తించే గ్రాహకాలు కూడా పేగు గోడలో ఉన్నాయి. అవి పెప్టైడ్ వైవై వంటి హార్మోన్ల విడుదలకు తోడ్పడతాయి. వెల్లూరు వైద్యులు కలరా రోగులకు ఓఆర్‌ఎస్‌లో ఇలాంటి పిండిని కలిపి ఇవ్వగా విరేచనాల పరిమాణం తగ్గిందని 2000లో ప్రకటించారు.

ఆచరణలో

ఓఆర్‌ఎస్ చిన్నపేగులోని సోడియం–గ్లూకోజ్ వాహకం ద్వారా పనిచేస్తుంది. అది కోల్పోయిన నీటిని భర్తీ చేస్తుందే గాని విరేచనాలను వెంటనే ఆపదు. "తాగించినా ఆగడంలేదు" అని మానేయడం వల్లనే ప్రమాదం. పిల్లవాడికి నీళ్లు, తిండి, తల్లిపాలు ఆపడం కూడా పొరపాటే. పోషకాలు అందకపోతే పైన చెప్పిన గ్రాహకాలకు సంకేతమే ఉండదు. రాగుల్లో కాల్షియం అధికం కాబట్టి రాగి జావ మంచి ఆహారమే, కాని అది ఓఆర్‌ఎస్‌కు ప్రత్యామ్నాయం కాదు. కళ్లు లోతుకు పోయినా, మూత్రం తగ్గినా, మగతగా ఉన్నా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నల్లకుంట ఫీవర్ ఆసుపత్రిని నగరవాసులు "కోరంటి దవాఖానా" అంటారు. క్వారంటైన్ అనే మాటే అలా మారింది. అంటువ్యాధులతో ఈ నగరానికున్న పాత అనుభవం ఆ పేరులోనే ఉంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. సైక్లిక్ ఏఎంపీ పెరిగితే నీరు పేగులోకి ఎందుకు వస్తుంది?
2. కాల్షియం గ్రాహకం స్రావాన్ని ఎలా తగ్గిస్తుంది?
3. విరేచనాలు ఆగకపోయినా ఓఆర్‌ఎస్ ఎందుకు కొనసాగించాలో మీ ఇంటివారికి అర్థమయ్యేలా నాలుగు వాక్యాల్లో రాయండి.