నావికునికి త్రోవ చూపిన గడియారము

ప్రపంచ పటమును మీ ముందుంచుకొని చూడుడు. అడ్డుగా పోవు గీతలు అక్షాంశములు. నిలువుగా పోవునవి రేఖాంశములు. ఈ రెండును తెలిసిననే గాని నడిసముద్రమున నున్న నావికుడు తన ఓడ ఎచ్చట నున్నదో పటముపై గుర్తింపజాలడు.

అక్షాంశమును కనుగొనుట అంత కష్టము కాదు. భూమధ్యరేఖకు ఉత్తరమున నుండువారికి ధ్రువనక్షత్రము ఎన్ని డిగ్రీల యెత్తున కనబడునో, వారి అక్షాంశము ఇంచుమించుగా అంతయే. రేఖాంశమును అట్లు తెలుపు నక్షత్రము లేదు. 1707లో ఆంగ్లేయుల యుద్ధనౌకలు నాలుగు, తామున్న తావును సరిగా నెరుగక, సిల్లీ దీవుల చెంత శిలలకు తగిలి మునిగెను. వేయిమందికి పైగా జలసమాధి యైరి. 1714లో బ్రిటిష్ పార్లమెంటు, రేఖాంశమును అర డిగ్రీకి మించని తేడాతో కనుగొను ఉపాయము చూపినవారికి 20,000 పౌనుల బహుమానము నిచ్చుటకు శాసనము చేసెను.

ఉపాయము కాలములోనే కలదు. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగును. అనగా గంటకు 15 డిగ్రీలు. ఓడపై సూర్యుడు నడినెత్తికి వచ్చిన వేళ, బయలుదేరిన రేవులో పగలు మూడు గంటలైనచో, ఓడ ఆ రేవునకు 45 డిగ్రీలు పడమట నున్నదన్నమాట. కాని రేవు కాలమును తప్పక చూపు గడియారము వెంట నుండవలెను. ఆనాటి లోలకపు గడియారములు ఓడ యూగులాటకు గతి తప్పుచుండెను. వేడిమికి లోహము సాగుటయు, చలికి ముడుచుకొనుటయు మరియొక చిక్కు.

ఈ చిక్కును విప్పినవాడు వడ్రంగి కుమారుడైన జాన్ హారిసన్. అతడు తన మొదటి సముద్రపు గడియారమును 1735లో ముగించెను. దానితో తృప్తి చెందక, మరల మరల యత్నించి, 1759లో పెద్ద జేబు గడియారమును బోలిన నాలుగవ దానిని సిద్ధపరచెను. 1761లో అతని కుమారుడు దానిని గొని జమైకా దీవికి పయనమయ్యెను. అచ్చటికి చేరునాటికి, లెక్కలు సరిచూడగా, అది వెనుకబడినది సుమారు 5 సెకండ్లు మాత్రమే! అయినను అధికారుల సందేహములు తీరలేదు. తుదకు 1773లో, తన 80వ యేట, హారిసన్ పార్లమెంటు వలన మిగిలిన ధనమును పొందెను.

మన దేశ కాలము గ్రీనిచ్ కాలముకన్న 5½ గంటలు ముందు. దానిని 15 చేత హెచ్చవేయుడు, 82½ వచ్చును. ఆ తూర్పు రేఖాంశము మన కాకినాడకు చేరువగా పోవుచున్నది. నేడు దారి చూపు కృత్రిమోపగ్రహములలో సైతము అతిసూక్ష్మమైన గడియారములే కలవు. కాలమును సరిగా నెరిగినవాడే తానున్న చోటును సరిగా నెరుగును.