పురస్కార సభలో పాడిన గొంతు

గ్రామఫోను పెట్టె నెరిగిన ఇండ్లకు గ్రామీ యను పేరు కొత్తది కాదు. అమెరికా దేశమున సంగీతపు రికార్డులకు ఏటేట నొసగు పురస్కారమునకు ఆ పేరు గ్రామఫోను నుండియే వచ్చినది. బహుమతిగా నిచ్చు ప్రతిమయు బూర గల చిన్న గ్రామఫోను వలెనే యుండును. ఇటీవలి సంవత్సరములలో ఈ సభ తరచుగా లాస్ ఏంజెలిస్ నగరమున ఆదివారము సాయంకాలము జరుగుచున్నది. అప్పటికి మన ఇండ్లలో సోమవారము ఉదయపు కాఫీవేళ. మేము ఈ సభను చాల ఏండ్లుగా చూచుచున్నాము; వినుచున్నామనుటయే సరియైన మాట. ఎవరికి ఏ బహుమతి వచ్చెనో మరునాటి పత్రికలో చదువుకొనవచ్చును. అచట పాడిన పాటలలో ఏది నిజముగా పాడినదో తెలియవలెనన్న మాత్రము చెవియొగ్గి వినవలసినదే. శ్రోతలతో మేము ముచ్చటింపదలచినది ఆ సంగతినే.

మొదటి గ్రామీ సభ 1959 మే 4వ తేదీన బెవర్లీ హిల్స్‌లో ఒక హోటలునందును, న్యూయార్కులో మరియొక హోటలునందును ఏకకాలమున జరిగెను. సభ జరుగుచుండగనే టెలివిజనులో ప్రసారమగుట 1971లో ఆరంభమైనది. నేడు బహుమతుల శాఖలు తొంబదికి మించినవి. వానిలో ప్రధాన ప్రసారమున ఇచ్చునవి పదింటికి అటునిటు. తక్కినవి అన్నియు అదే దినమున మధ్యాహ్నము వేరొక సభలో పంచిపెట్టుదురు. 2024లో శంకర్ మహదేవన్, జాకీర్ హుసేన్ గార్లున్న 'శక్తి' బృందమునకు పురస్కారము లభించినది ఆ మధ్యాహ్నపు సభలోనే. మనవారు రాత్రి వేదికపై కానరాలేదే యని మేమును నొచ్చుకొంటిమి. కాని లెక్క చూచినచో కారణము తెలియును. మూడున్నర గంటల ప్రసారములో అధిక భాగము పాటలకే పోవును. పేరునకు పురస్కార సభ. నిజమునకు అది కచేరీ. నడుమ నడుమ బహుమతులిత్తురు.

ఇక అసలు విషయము. అట్టి వేదికపై పాడు గాయకుని గొంతు మన ఇంటికి ఏ దారిన వచ్చును? సభలో కూర్చున్నవారికి వినిపించు ధ్వనిని ఒకచోట కలుపుదురు. ఇండ్లకు పంపు ధ్వనిని సభ వెలుపల నిలిపిన వాహనములో వేరుగా కలుపుదురు. గాయకుడు తన చెవిలో పెట్టుకొన్న చిన్న పరికరము ద్వారా మూడవ విధపు కలగలుపును వినుచుండును. అందువలన ఒకే పాటను ముగ్గురు మూడు విధములుగ వినుట జరుగును. సభలో అద్భుతమన్న పాట ఇంట పేలవముగ తోచుటకును, ఇంట బాగున్న పాట గాయకునికే నరకముగ నుండుటకును ఇదియే కారణము.

దీనికి తోడు ముందుగా రికార్డు చేసిన భాగములు కలవు. కొన్ని పాటలలో వాద్యములన్నియు రికార్డువే, గొంతు ఒక్కటియే అప్పటిది. కొన్నింటిలో గొంతునకు అడుగున అదే గాయకుని పాత గొంతు సన్నగా నడచుచుండును; అలసిన చోట అది ఆసరా. మరికొన్నింటిలో అంతయు రికార్డే, గాయకుడు పెదవులు మాత్రము కదల్చును. వీనిని వేరుచేసి గుర్తించుట అంత కష్టము కాదు. ఊపిరిని వినుడు. నృత్యము చేయుచు పాడువాని ఊపిరి చరణము చివరకు వచ్చుసరికి కురుచ కావలెను, కానిచో అనుమానింపవలెను. తల ప్రక్కకు త్రిప్పినపుడు గొంతు పలుచబడుచున్నదా? 'ప', 'బ' వంటి అక్షరములు పలుకునపుడు మైకుపై గాలి తట్టుచున్నదా? మైకు నోటికి దూరమైనను గొంతు తగ్గకున్నచో ఆ గొంతు మైకులోనిది కాదు. కండ్లు మూసికొని విన్నచో ఇవి ఇంకను బాగుగ తెలియును. టెలివిజనును రేడియో వలె వినుమని మేము మిత్రులతో అనుచుందుము, వారు నవ్వుచుందురు.

ఈ పరీక్షలో ఘోరముగ తప్పిన ఉదంతము ఒకటి కలదు. 1990 ఫిబ్రవరి సభలో 'మిల్లీ వనిల్లీ' అను ఇద్దరు యువకుల జట్టునకు ఉత్తమ నూతన కళాకారుల పురస్కారము నిచ్చిరి. ఫ్యాబ్ మోర్వాన్, రాబ్ పిలాటస్ అనువారు ఆ ఇద్దరు. ఆ వేదికపై వారు చక్కగ ఆడిరి. పాడినట్లు పెదవులు కదిపిరి. అంతకు ముందు సంవత్సరమే కనెక్టికట్ రాష్ట్రమున ఒక కచేరీ నడుమ వారి రికార్డు ఒకచోట చిక్కుకొని, గాడి తప్పిన ముల్లు వలె, అదే పలుకును మరల మరల పలికినది. అయినను బహుమతి నిచ్చువారి చెవి కదలలేదు. 1990 నవంబరులో వారి నిర్మాత ఫ్రాంక్ ఫారియన్ నిజము నొప్పుకొనెను. రికార్డుపై గొంతులు వారివి కావు. బ్రాడ్ హోవెల్, జాన్ డేవిస్ మొదలైనవారివి. అకాడమీవారు పురస్కారమును వెనుకకు తీసికొనిరి.

ఇచట మన పాఠకులకు ఒక ప్రశ్న పుట్టవలెను. పెదవి ఒకరిది, గొంతు మరియొకరిది యగుట మనకు నిత్యకృత్యము గదా! ఘంటసాల వేంకటేశ్వరరావుగారి గొంతుతో రామారావుగారును, నాగేశ్వరరావుగారును తెరపై ఎన్ని పాటలు పాడలేదు? వానిని విని మోసపోయితిమని ఎవరును అనలేదు. అనరు కూడ. అరువు గొంతు తప్పు కాదు. అరువని చెప్పకపోవుట తప్పు. ఈ తేడా మన దేశమున కూడ ఒక్కనాట తేలినది కాదు. 1949లో వచ్చిన 'మహల్' అను హిందీ చిత్రములోని ప్రసిద్ధమైన పాట రికార్డుపై పాడినవారి పేరునకు బదులు కథలోని 'కామిని' యను పాత్ర పేరు అచ్చువేసిరి. పాట రేడియోలో వచ్చిన పిదప, పాడినదెవరని శ్రోతలు విచారించుట మొదలుపెట్టిరి. ఆ తరువాతనే లతా మంగేష్కర్ అను పేరు లోకమునకు తెలిసినది. ప్రతి పాటకు ముందు గాయకుల పేరు చెప్పుట విసుగని కొందరు శ్రోతలు మాకు అప్పుడప్పుడు చెప్పుచుందురు. రేడియోకు ముఖము లేదు గనుక, చెప్పిన పేరు తప్ప శ్రోతకు వేరు ఆధారము లేదు. మిల్లీ వనిల్లీ విషయమున డబ్బు పోసి రికార్డు కొన్నవాడు మోసపోయెను. నిజముగ పాడినవారును మోసపోయిరి. ఆ ఇద్దరు యువకులును కడకు సుఖపడలేదు. రాబ్ పిలాటస్ 1998లో చిన్న వయసుననే మరణించెను.

ఆ దెబ్బ తరువాత గ్రామీ వేదికపై నిజముగ పాడువారికి విలువ పెరిగినదని మా అభిప్రాయము. నిజముగ పాడినచో చిక్కులును నిజముగనే వచ్చును. 2016లో బ్రిటిషు గాయని అడెల్ పాడుచుండగా పియానోలోని మైకులు జారి తంత్రులపై పడినవి. వెంటనే ఎవరో గిటారు మీటుచున్నట్లు వింత చప్పుడు పాటలో కలసినది. ఆమె శ్రుతి చెదరినది. అయినను ఆగక పాట ముగించెను. మైకు విషయమున చిన్నదేదియు లేదని స్టూడియోలో పనిచేయువారికి తెలియును. ఒకమారు మా ఎదుటనే ఒక వైణికురాలి గాజు దండికి తగులుచు ప్రసారమంతట తాళము వేసినది; ఎర్రదీపము వెలిగిన పిదప లోనికి పోయి చెప్పు దారి లేదు.

మరల ఇట్లు జరిగినచో పాట ఆపివేయుదునని అడెల్ ఆనాడే అనుకొనెను. మరుసటి సంవత్సరమే ఆ సందర్భము వచ్చినది. 2016 డిసెంబరులో మరణించిన జార్జి మైకేల్‌కు నివాళిగా 2017 సభలో ఆయన పాటను విలంబమున పాడసాగెను. కొన్ని పంక్తులకే తాను శ్రుతి తప్పితినని గ్రహించి, ఒక తిట్టుమాట కూడ నోరుజారి, వాద్యబృందమును ఆపించెను. ఆయన పాటను పాడుచేయలేనని క్షమాపణ చెప్పి మొదటినుండి ఎత్తుకొనెను. కోట్లమంది చూచుచుండగా ఆగుట వృత్తిధర్మము కాదని కొందరు వాదింతురు. మేము ఆ వాదమున లేము. మన కచేరీలలో మృదంగ విద్వాంసుడు రాతితో తట్టి శ్రుతి సరిచేసికొనుచుండగా సభ ఓపికతో కూర్చుండును గదా! రెండవమారు ఆమె పాడిన పాటలో ఆ తడబాటు లేదు. కాని మొదటి తడబాటు విన్న చెవికి ఆ స్థిరత్వము వెల తెలిసినది.

అట్లని ప్రతి అపశ్రుతికిని చప్పట్లు కొట్టుమని మేము చెప్పుట లేదు. అదే సభలో మెటాలికా బృందము లేడీ గాగాతో కలసి పాడునపుడు ముఖ్య గాయకుడైన జేమ్స్ హెట్‌ఫీల్డ్ మైకు మొదట పలుకనే లేదు. ఆయన పోయి లేడీ గాగా మైకునే పంచుకొనవలసివచ్చెను. అది ప్రత్యక్ష గానపు అందము కాదు, కేవలము అజాగ్రత్త. పాట సగము శ్రోతకు చేరలేదు.

మా మట్టుకు మాకు ఆ వేదికపై అన్నిటికంటె గొప్ప ఘట్టము 1998 ఫిబ్రవరిలో న్యూయార్కు నగరపు రేడియో సిటీ మ్యూజిక్ హాలునందు జరిగినది. ఇటలీ గాయకుడు లూచియానో పవరాటీ ఆ రాత్రి ప్రసిద్ధమైన 'నెస్సున్ డోర్మా' పాడవలసియుండెను. పుచ్చీని రచించిన 'తురందోత్' అను సంగీత నాటకములోనిది ఆ పాట. పురుషుని తారస్థాయి గొంతుకై కట్టినది. సభ నడచుచుండగనే పవరాటీ అస్వస్థుడైనట్లు కబురు వచ్చెను. పెద్ద వాద్యబృందమును, బృందగాయకులును సిద్ధముగ నున్నారు, పాడువాడు లేడు. అప్పుడు నిర్వాహకులు ఎరీథా ఫ్రాంక్లిన్ నాశ్రయించిరి. రెండు దినములకు ముందు పవరాటీ గౌరవార్థము జరిగిన విందులో ఆమె ఆ పాటనే పాడియుండెను. అభ్యాసపు టేపును ఒకమారు వినుటకు మాత్రమే వ్యవధి కలదు.

మన సంగీతమునకు అలవడినవారు ఇచట ఒక సంగతి గమనింపవలెను. మన విద్వాంసుడు వేదిక నెక్కి ముందుగా తన శ్రుతిని తాను పెట్టుకొనును. తంబుర ఆయన కొరకు ఉండును గాని, ఆయన తంబుర కొరకు ఉండడు. ఆ రాత్రి అట్లు కాదు. వాద్యబృందపు కాగితములు పవరాటీ శ్రుతికి వ్రాసినవి. వానిని మార్చుటకు సమయము లేదు. అనగా వేరొక పురుషుని శ్రుతిలో, వేరొక భాషలో, తన సంప్రదాయము కాని పాటను ఆమె పాడవలెను. దేవాలయ గానమునుండి వచ్చిన గాయని గనుక ఆమె దానిని తన విధముననే పాడెను. సంగీత నాటకపు పండితులు సరిగా పాడలేదనవచ్చును. స్వరముల నడుమ ఆమె వేసిన జారులు పుచ్చీని వ్రాసినవి కావు. మేము ఆ రికార్డింగును ఎన్నిమారులు విన్నామో లెక్క లేదు. చివరి తారస్వరమునకు చేరుటకు ముందు ఆమె తీసికొన్న ఊపిరి స్పష్టముగ వినబడును. ఆ ఒక్క ఊపిరికై మేము తక్కిన తప్పులన్నియు మన్నింతుము.

శ్రుతి ఎవరును ఈయకుండ పాడిన ముచ్చట ఒకటి మన తెలుగువారిది. అది గ్రామీ కాదు, ఆస్కారు సభ. 2023 మార్చి 12న 'నాటు నాటు' పాటకు బహుమతి నందుకొన్న ఎం. ఎం. కీరవాణిగారు తాను కార్పెంటర్స్ అను అమెరికా జంట పాటలు వినుచు పెరిగితినని చెప్పి, వారి వరుసలోనే తన కృతజ్ఞతను పాడి వినిపించిరి. వాద్యము లేదు, అభ్యాసపు టేపు లేదు. కార్పెంటర్స్ అనగా వడ్రంగులనుకొన్నవారును కొందరుండిరట! ఆ గొంతులో కొంచెము వణకు కలదు. అది ఎవరి గొంతో ఎవరికిని అనుమానము రాదు.

2024 ఫిబ్రవరి 4వ తేదీ సభలో మాకు గుర్తున్నవి రెండు. మొదటిది జోనీ మిచెల్ పాట. 2015లో మెదడులో రక్తనాళము దెబ్బతిని, నడకను, మాటను మరల నేర్చుకొనవలసివచ్చిన గాయని ఆమె. ఎనుబది ఏండ్ల వయసున గ్రామీ వేదికపై మొట్టమొదటిసారిగా కుర్చీలో కూర్చుండి, తన పడుచుతనమున వ్రాసిన పాటను పాడెను. 1969 నాటి రికార్డులో ఆమె గొంతు పిట్ట వలె పైకెగురుచుండును. ఇప్పుడది చాల క్రిందికి దిగినది. మా మిత్రులొకరు, ఈ వయసున ఆమెను ఏల కూర్చుండబెట్టవలెనని విసుగుకొనిరి. మేము ఆ రెండు రికార్డింగులను ఒకదాని వెంట ఒకటి వారికి వినిపించితిమి. వారు ఏమియు అనలేదు. రెండవదానిని మాత్రము మరల పెట్టుమనిరి.

రెండవది ట్రేసీ చాప్‌మన్ పాట. 1988లో తాను విడుదల చేసిన 'ఫాస్ట్ కార్' అను పాటను 1989 గ్రామీ సభలో ఆమె గిటారుతో పాడియుండెను. తరువాత చాలకాలము వేదికలకు దూరముగ నుండెను. 2023లో ల్యూక్ కూంబ్స్ అను యువగాయకుడు అదే పాటను పాడగా అది మరల దేశమంతట మ్రోగినది. 2024 సభలో ఇద్దరును ఎదురెదురుగ నిలిచి పంచుకొని పాడిరి. ఆమె తన వంతు పాడుచున్నపుడు కూంబ్స్ ఆమెనే చూచుచు, గొంతు పెగల్చక, మాటమాటకు పెదవులు కదల్చుచుండెను.